మూడోసారి అడగని చలికాలం

లుంగ్‌యోక్‌లో ఎవర్నడిగినా చెబుతారు, మోరుప్ ఏడో క్లాసులో బడి మానలేదని, బడే అతన్ని చూసి దడుచుకుని పారిపోయిందని. ఆ మాట ఊరందరికీ నేర్పింది మోరుపే అనుకోండి. లేహ్ దాటి చాలా దూరాన, కొండల మధ్య సరస్సు ఒడ్డున తొమ్మిదిళ్ళ ఊరు. నేర్పడానికి మహా అయితే ఒక పూట పట్టుంటుంది.

ఒకసారి ఎంత చలి వేసిందంటే, అతని జడలబర్రె నీడ నేలకంటుకుని గడ్డకట్టిందట. బర్రె కదిలింది గానీ నీడ కదల్లేదట. మంచు కరిగేదాకా పాపం అది నీడ లేకుండానే మేసిందట. వేసవిలో నక్షత్రాలు చూడ్డానికొచ్చే యాత్రికులు ఈ కథ విని పడీపడీ నవ్వుతారు. నాలుగేళ్ళ కిందట ఎవరో సంస్థవాళ్ళు ఇచ్చిపోయిన టెలిస్కోపు అతని డాబా మీదుంది. రాత్రి దాంట్లో శని ఉంగరం చూపిస్తాడు, ఆ ఉంగరం తన మేనత్త పోగొట్టుకున్నదేనని ఒట్టేసి మరీ చెబుతాడు.

అక్టోబరు చివర్లో ఆఖరి బండి వెళ్ళిపోతుంది. కొందరు తాళాలేసి లేహ్‌లో చుట్టాల ఇళ్ళకు దిగిపోతారు, మిగిలినవాళ్ళు మేకల్ని తోలుకుని చలికాలపు మేతకు పోతారు. మోరుప్‌కి పెళ్ళాం లేదు, మందా లేదు. పొయ్యి, రేడియో, గడ్డకట్టి రాత్రుళ్ళు మూలిగే సరస్సు. అంతే. కిందటి చలికాలం నలభై ఒక్క రోజులు ఎదురుగా ఒక్క మనిషి గొంతు వినలేదు. ఈ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. కోతలకు అలవాటుపడ్డ నోట్లోంచి నిజం పెగలదు.

ఈ సెప్టెంబరులో లేహ్ నుంచి చెల్లెలు చోరోల్ ఫోన్ చేసింది. "అందరం వస్తున్నాం అన్నయ్యా. నీతో ఒక మాట మాట్లాడాలి."

ఆ మాటేమిటో మోరుప్‌కి తెలుసు. పోయిన ఏడు వాళ్ళింట్లో కింద గది కట్టించారు. రెండు ఉన్ని చొక్కాలు, అమ్మ తాగిన కొయ్య గిన్నె, రేడియో సంచిలో సర్ది మంచం కిందికి తోసేశాడు. చెల్లెలు అడగడమే తరువాయి.

అడగ్గానే సరేననకూడదు. అక్కడి మర్యాద అలాంటిది. ఎవరేం పెట్టినా మొదటిసారి వద్దనాలి, రెండోసారి ఇంకాస్త గట్టిగా వద్దనాలి, మూడోసారికి మొహమాటపడుతూ గిన్నె చాపాలి. జాంగ్స్ అంటారు దాన్ని. మొదటి మాటకే చాపినవాణ్ణి ఆకలిగొట్టుముండావాడంటారు, మూడోసారి అడగనివాణ్ణి పిసినారి అంటారు.

చెల్లెలూ వాళ్ళూ బండి దిగగానే మోరుప్ కెటిల్ పట్టుకుని బావగారి మీద పడ్డాడు.

"వద్దు బావా, దారిలో తాగాం," నుర్బూ గిన్నెకు చెయ్యడ్డం పెట్టాడు.

"దారిలో తాగింది దారికి. ఇది మా ఇంటికి."

"నిజంగా వద్దు."

"అయితే పారబోస్తున్నా. నీ పేరు చెప్పి వెన్నటీ నేలపాలు!"

నుర్బూ నవ్వి చెయ్యి తీశాడు. పక్కన పన్నెండేళ్ళ కూతురు కున్జెస్ మొదటిసారే గటగటా తాగేసి గిన్నె మళ్ళీ చాపింది. చోరోల్ నెత్తి కొట్టుకుంది. "చండీగఢ్ హాస్టల్ చదువు! మొన్నే మాన్పించి లేహ్ బడిలో వేశాం. సిగ్గనే పాఠమే లేదనుకుంటా వాళ్ళ పుస్తకంలో."

ఇంకా వెలుతురుండగానే ఆ పిల్ల డాబా ఎక్కి టెలిస్కోపుకు కన్నానించింది. "మామయ్యా! ఇదేంటి, మేక కాళ్ళు పైకి పెట్టి నడుస్తోంది! దొడ్లోకి వస్తుంటే ఇందులో వెళ్ళిపోతున్నట్టుంది!"

"నక్షత్రాలకు మనం అలాగే కనబడతాం. పైనుంచి వాళ్ళకు మనం తలకిందుల జాతి."

"కోతలు! అద్దం తిప్పేస్తుంది. మా సైన్సు సార్ చెప్పారు."

"మీ సైన్సు సారు నక్షత్రాల్ని అడిగాడా?"

పిల్ల కిందపడి దొర్లుతూ నవ్వింది. ఆ నవ్వు చలికాలమంతా లేహ్‌లో పై గదిలోంచి వినబడుతుందనుకుంటే మోరుప్‌కి పొయ్యి రాజేసినంత వెచ్చగా అనిపించింది.

అన్నాల దగ్గర చోరోల్ నోరు విప్పింది. "అన్నయ్యా, ఈ చలికాలం మా ఇంటికొచ్చెయ్యి. కింద గది ఖాళీగానే ఉంది."

"అబ్బే, ఎందుకమ్మా! మీకు ఇబ్బంది," అన్నాడు మోరుప్. ఒకటి.

భోజనాలయ్యాక అందరూ కంబళ్ళు కప్పుకుని డాబా ఎక్కారు. చందమామ లేడు. పాలపుంత, సరస్సు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పిండి ఒలకబోసినట్టు పడుంది. కున్జెస్ శనిని చూసి కేక పెట్టి, మేనత్త కథ విని మళ్ళీ కేక పెట్టింది. చోరోల్ అన్న పక్కకు జరిగింది.

"నిజంగా అడుగుతున్నా. ఒక్కడివీ ఏం చేస్తావిక్కడ? వచ్చెయ్యి."

రెండు. ఇప్పుడు ఇంకాస్త గట్టిగా వద్దనాలి. మామూలు మనిషైతే 'మోకాళ్ళ నొప్పులమ్మా, మీకు బరువు' అని ఊరుకునేవాడు. మోరుప్ మామూలు మనిషి కాదు కదా!

"ఎలా వస్తాను? డిసెంబరులో సైంటిస్టులు దిగుతుంటే!"

"సైంటిస్టులా?"

"నలుగురు. ఓడలెక్కి, విమానాలెక్కి వస్తున్నారు. ఇక్కడి చలికాలపు ఆకాశం లాంటిది భూమ్మీద లేదట. నా పేరు పెట్టి అడిగారు. మోరుప్ లేకపోతే మేం రాం అన్నారట!"

నుర్బూ కూడా దగ్గరికొచ్చాడు. "ఎన్నాళ్ళుంటారు బావా?"

"మార్చి దాకా. ఒకాయనకు గడ్డం మోకాళ్ళ దాకా ఉంటుందట. గడ్డకడితే కొట్టడానికి నన్ను సుత్తి కూడా సిద్ధంగా ఉంచమన్నారు."

సుత్తి దగ్గరికొచ్చేసరికి ఎవరైనా నవ్వాలి. నవ్వి, "ఊరుకో, కోతలు చాలు, వస్తున్నావా లేదా" అని మూడోసారి అడగాలి. చెల్లెలు నవ్వలేదు. చీకట్లో ముక్కు ఎగబీల్చింది.

"అమ్మ ఉంటే ఎంత పొంగిపోయేదో," అంది. "చదువబ్బలేదని ఎంత ఏడ్చింది నీ గురించి. చూశారా, మా అన్నయ్య కోసం దేశాలు దాటి వస్తున్నారు!"

మోరుప్ నోరు తెరిచాడు. నలభై ఏళ్ళలో మొదటిసారి అతని కోతను ఒకరు పూర్తిగా నమ్మారు, అదీ గర్వంతో నమ్మారు. దాన్ని ఏ చేత్తో చెరిపేస్తాడు?

ఆ రాత్రి మంచం మీద అటూ ఇటూ దొర్లాడు. పొద్దున అడుగుతుందిలే. మూడోసారి అడక్కుండా ఏ ఆడపడుచూ గడప దాటదు.

తెల్లారింది. చోరోల్ బండిలోంచి ఒక మూట దింపింది. ఎండబెట్టిన ఖుబానీ పళ్ళు, కొత్త కంబళ్ళు రెండు.

"ఇవి దారిలో అత్తగారింట ఇద్దామని తెచ్చా. నువ్వే ఉంచు. వచ్చే సైంటిస్టులు చలికి అలవాటు లేనివాళ్ళు, పాపం. ఖుబానీలు నానబెట్టి పెట్టు అన్నయ్యా, మన ఊరి పరువు." గొంతు తగ్గించింది. "నిన్న తెలియక బలవంతపెట్టాను. ఇక అడిగి ఇబ్బంది పెట్టనులే."

నుర్బూ బండి స్టార్టు చేశాడు. కున్జెస్ మాత్రం కిటికీలోంచి మామయ్య చొక్కా చెయ్యి పట్టుకుంది.

"మామయ్యా, నిజంగానే వస్తున్నారా? గడ్డమాయన కూడా?"

అడిగేసింది. ఆ పిల్లకు జాంగ్స్ తెలీదు, 'లేదు' అని చెబితే లేదనే నమ్ముతుంది. లేదు తల్లీ, ఎవరూ రారు, మంచం కింద సంచి ఉంది, రెండు నిమిషాలు ఆగండి అంటే చాలు. వెనక సీట్లోంచి చోరోల్ మెరిసే కళ్ళతో చూస్తోంది.

"వస్తారు," అన్నాడు మోరుప్. "ఐదుగురైనా అవ్వొచ్చు."

బండి దుమ్ము లేపుకుంటూ ఒడ్డు దారి పట్టింది. మోరుప్ డాబా ఎక్కి టెలిస్కోపు అటు తిప్పాడు. అద్దంలో బండి చక్రాలు పైకి పెట్టి, కొండల కింద ఆకాశంలో పాకుతోంది. కనుమవైపు పోయే బండి అందులో ఊరివైపు వస్తోంది. వస్తూ వస్తూ చిన్నదైపోతోంది.

తెలుసు, అద్దం తిప్పేస్తుందని. సైన్సు సారు చెప్పక్కర్లేదు. అయినా దుమ్ము పూర్తిగా అణిగేదాకా కన్ను తియ్యలేదు. తర్వాత కిందికి దిగి, సంచిలోంచి అమ్మ గిన్నె తీసి, దాన్నిండా ఖుబానీలు నానబోశాడు.