సత్తు గిన్నె దానగుణం

తుంగభద్ర నీళ్లు దోసిట్లో పట్టుకుని చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. వేళ్ల సందుల్లోంచి కొంచెం కారితే అది నా తప్పు కాదు.

గద్వాలలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పుకునే నాకు ఒక పొద్దున అలంపూర్ నుంచి అక్క ఫోన్ చేసింది. వెళ్లేసరికి వాకిట్లో ఉల్లిగడ్డల కుప్ప ముందు కూలబడి ఉంది. దొంగల భయంతో తన కాళ్ల వెండి కడియాలను ఆ కుప్పలో దాచిందట. అడుగున గడ్డలు కుళ్లాయి. వాటిలోని గంధకం పట్టి కడియాలు బొగ్గులా నల్లబడ్డాయి.

"మా అత్త పెట్టిన కడియాలు తమ్మీ! ఆమె గోపాల్‌పేటల బస్సెక్కిందంట. ఇవి చూస్తే, నా ఎండి అమ్ముకొని నకిలీవి తొడుక్కున్నవా అంటది. జర ఏదన్న చెయ్యి."

"సత్తు గిన్నె తే అక్కా. ఉప్పు, వంటసోడా తే. నీళ్లు మరగపెట్టు."

"చదువుకున్నోనివని పిలిస్తే వంట చేస్తవేంది?"

మరిగే నీళ్లలో కడియాలు గిన్నెకు తగిలేలా పెట్టి పాఠం మొదలుపెట్టాను. సత్తు అంటే అల్యూమినియం. బోరాన్ కుటుంబంలో ఐదుగురు అన్నదమ్ములు. పెద్దవాడు బోరాన్ తన ఎలక్ట్రాన్లను గుప్పిట్లోనే బిగించుకుంటాడు. రెండోవాడు అల్యూమినియం మూడింటినీ చేతులారా ఇచ్చేస్తాడు. ఇచ్చే ఆ గుణాన్నే పుస్తకాల్లో క్షయకరణ శక్తి అంటారు. గాలియం, ఇండియం అంటూ కిందికి దిగేకొద్దీ అది తగ్గుతూ వస్తుంది. కడగొట్టువాడు థాలియం ఒక్కటి ఇచ్చి, మిగతా రెండూ రొండిన దోపుకుంటాడు.

"అచ్చం మా చిన్న మరిది లెక్క," అంది అక్క. "మరి ఈ గిన్నె ఏం చేస్తది?"

"నల్లవడ్డ ఎండికి ఎలక్ట్రాన్లు ఇస్తది. గంధకం ఎండిని ఇడిచిపెడ్తది."

కుళ్లిన గుడ్డు వాసన లేచింది. ఆ వాసనకు వీధి కుక్కలన్నీ ఊరు విడిచి, ఏట్లో ఈదుకుంటూ అవతలి ఒడ్డుకు పోయాయి. కడియాలు మాత్రం తళతళలాడాయి.

అక్క అవి తొడుక్కుందో లేదో, అత్త వచ్చేసింది. కోడలి కాళ్లు చూసి మురిసిపోయింది. "నీ తమ్ముడు బంగారం బిడ్డా," అని నాకు దిష్టి తీసింది.

దోసిట్లో నీళ్లు అయిపోవచ్చాయి, ఒప్పేసుకుంటాను. కుక్కల సంగతి ఇప్పటికీ నిజమేనంటాను. నేను కల్పించింది అత్త మెప్పు. ఆమె కడియాల వంక చూడనే లేదు, నేరుగా పొయ్యి దగ్గరికి నడిచింది. వెండికి ఇచ్చీ ఇచ్చీ గిన్నె తన మెరుపంతా పోగొట్టుకుని మసకబారి ఉంది.

"ఏమే, నేను పెట్టిన గిన్నెను గిట్ల ఎవడు ఖరాబ్ చేసిండు?"

ఎలక్ట్రాన్లు ఇచ్చే అల్యూమినియం కన్నా తొందరగా అక్క చెయ్యి నా వైపు లేచింది.

"గీ తమ్ముడే అత్తా!"