రేపల్లె ప్యాసింజరు మీద వేసిన నింద

ఒక అబద్ధం ఏళ్ల తరబడి నా గొంతులో పచ్చి వెలక్కాయలా అడ్డుపడి ఉంది. మీరు నన్ను ఎరగరు. అందుకే మీతో చెబుతున్నాను. గొడుగు బాగు చేయించిన తేదీ సైతం రాసిపెట్టుకునే మనిషిని. దీన్ని మాత్రం ఎక్కడా రాయలేదు. మరిచిపోయానా? లేదు. రాస్తే చదవవలసి వస్తుందని.

తొంభైల మొదట్లో తెనాలిలో, రైలు కట్ట పక్కనున్న కళాశాల గదిలో, నేనూ నా పరిశోధక విద్యార్థిని సలోమీ కలిసి ఒక సూక్ష్మదర్శినిని నిర్మించాం. దానికి కటకాలుండవు. సన్నని లోహపు సూది స్ఫటికాన్ని తాకకుండా, తాకినంత దగ్గరగా కదులుతుంది. నడుమ ఖాళీని దాటి వచ్చే విద్యుత్తును బట్టి ఎలక్ట్రాన్లు ఎక్కడ చిక్కగా, ఎక్కడ పలచగా ఉన్నాయో తెర మీద బొమ్మ కడుతుంది. చిన్న అదురుకే ఆ బొమ్మ చెడిపోతుంది. కనుక రేపల్లె ప్యాసింజరు వచ్చే వేళకు సూదిని పైకెత్తాలని నియమం పెట్టాను. సలోమీది రేపల్లే. రోజూ ఆ బండిలోనే వచ్చేది. ఆమె ఒక్కనాడూ నియమం తప్పలేదు.

మేము పెంచిన పొరల స్ఫటికంలో ఆమెకు పరమాణువుల వరుసలే కాక, వాటికన్నా ఎడంగా, ఒక్కొక్క గుబ్బ చుట్టూ మరో ఆరు ఉండేలా, ఎలక్ట్రాన్ల గుబ్బలు కనిపించాయి. అంతకుముందు నాకూ కనిపించాయి. అదురు వల్ల వచ్చిన దోషమని వ్యాసంలో అచ్చు వేయించాను. అవి స్ఫటికంలో నిజంగా ఉన్నవేనని సలోమీ అంది. ఆమె మాట నిజమైతే నా అచ్చు తప్పు. ఎవరూ లేనప్పుడు పరీక్షించాను. స్ఫటికాన్ని కొంచెం తిప్పి పెట్టాను. గుబ్బలూ అంతే తిరిగాయి. బల్ల మీది స్ఫటికాన్ని తిప్పితే రైలు కుదుపు తిరుగుతుందా? తెలిసే బాపట్ల వెళ్లాను.

అక్కడ ఆమె డాక్టరేటుకు మౌఖిక పరీక్ష. పరీక్షకుడు బొమ్మను నా వైపు తిప్పాడు.

"ఏంటండి మాస్టారూ ఈ గుబ్బలు? మీరు అదురన్నారుగా?"

"ఇదీ అదేనండి. రైలు."

"మన రైలు ఇంత క్రమంగా నడుస్తుందంటే సంతోషమేనండి," అని ఆయన నవ్వాడు.

సలోమీ నవ్వలేదు. "రైలొచ్చే టైముకి సూది ఎత్తేస్తాం కదండీ సార్. మీరు పెట్టిన రూలేగా."

"ఒక్కోసారి మరిచిపోతావమ్మా నువ్వు."

ఆమె నన్ను చూసింది. "లేదండి," అంది. అంతే.

ఎంత మెత్తగా అన్నాను ఆ మాట. గొంతు పెంచి ఉంటే ఎవరైనా అనుమానించేవారేమో.

పరిశోధన తిరస్కరించారు. ఆమె మళ్లీ తెనాలి రైలెక్కలేదు. రేపల్లెలో బడిపిల్లలకు లెక్కలు చెబుతోందని విన్నాను. కొన్నేళ్లకు అవే గుబ్బలను వేరే దేశంవాళ్లు ప్రకటించారు. సిగ్గులేని నేను వాళ్ల బొమ్మను తరగతిలో చూపించి, ఎంత సూక్ష్మమైన పరిశీలనో అని మెచ్చుకుని, ఆమె పేరైనా ఎత్తకుండా పాఠం ముగించాను. పదవీ విరమణ నాడు నికార్సైన మనిషినని శాలువా కప్పారు. కప్పించుకున్నాను. కప్పినవాళ్ల మీద ఇప్పటికీ కోపం, ఒక్కరైనా అడగలేదే. అడిగితే చెప్పేవాడినా? అదిగో, మళ్లీ నింద ఇంకొకరి మీదకే పోతోంది.

క్షమాపణ అడగను. ఆమె ముందు నిలబడి అడగనివాడు మీ ముందు అడగడం మరో దొంగతనం.

ఆ బొమ్మ తీసిన వేళ పట్టాల మీద ఏ రైలూ లేదు. సలోమీ ఏదీ మరిచిపోలేదు. ఈ రెండు వాక్యాలు నా చేత్తో రాశాను. గొంతులోకి కాస్త గాలి ఆడుతోంది.