గాలి స్క్రూ

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు. దాదాపు ఏడాదిపాటు, పొద్దున ఆఫీసుకి బయల్దేరి మా వీధి మలుపు తిరగ్గానే బండి ఆపి, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి, కార్బురేటర్ పక్కనుండే గాలి స్క్రూని అర చుట్టు బిగించేదాన్ని. సాయంత్రం తిరిగొస్తూ అదే మలుపులో మళ్ళీ అర చుట్టు వదులు చేసి ఇంటికి తీసుకెళ్ళేదాన్ని. తప్పు ఒప్పుకోవడానికి రాయడం లేదిది. మళ్ళీ అవసరమొస్తే మళ్ళీ అదే చేస్తాను.

బండి అన్నయ్యది. నూరు సీసీ మోటారుసైకిలు. మాది వెంగళరావు నగర్‌లో అద్దె ఇల్లు. సెలవు రోజు వస్తే అన్నయ్య వాకిట్లో పాత దినపత్రిక పరిచి, దానిమీద కార్బురేటర్ విప్పేవాడు. పక్కన లైటు పట్టుకునే పని నాది. నేను పెద్దగా మాట్లాడను కాబట్టి ఆ పనికి సరిపోతానని అందరూ అనుకున్నారు. లైటు పట్టుకున్నవాళ్ళకే అన్నిటికన్నా బాగా కనిపిస్తుందన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

అందులో మాయేమీ లేదు. ఇంజను గాలి పీలుస్తుంది. ఆ గాలి వెంట సన్నటి రంధ్రంలోంచి కాస్త పెట్రోలు వెళ్తుంది. బండి కదిలే వేళకి ఆ రెండూ ఏ పాళ్ళలో కలవాలో ఒక చిన్న ఇత్తడి స్క్రూ చేతిలో ఉంటుంది. వదులు చేస్తే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. బిగిస్తే గాలి తగ్గి పెట్రోలు పెరుగుతుంది. అంతే.

అన్నయ్యకి విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది. బండి ఇంట్లో ఉండిపోయింది. అప్పటికే ఖాళీ ప్లాట్లలో నాకు నడపడం నేర్పాడు, నేనడిగి కాదు, ఆదివారాలు తనకేమీ తోచక. అదే సమయంలో ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్‌లో నాకు తెలుగు టైపిస్టు పని దొరికింది. డైలాగు కాగితాలు ఆర్టిస్టులు వచ్చేలోపు సిద్ధంగా ఉండాలి. బస్సు జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర దింపేస్తుంది, ఆపైన నడకే. రెండుసార్లు ఆలస్యమయ్యాక బండి తాళంచెవి తీసుకున్నాను. చుడీదార్ వేసుకుని, తల వంచుకుని, యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ దాటుకుంటూ వెళ్ళేదాన్ని. కృష్ణానగర్‌లో టీ కొట్ల దగ్గర వేషాల కోసం నిలబడ్డవాళ్ళు నన్ను చూసి, నా వెనక చూసేవాళ్ళు. ఎందుకో మొదట అర్థం కాలేదు. మా థియేటర్ వాచ్‌మన్ అడిగాక తెలిసింది.

"బిడ్డా, కెమెరా ఏడ వెట్టిండ్రు?"

ఆడపిల్ల మోటారుసైకిలు ఎక్కిందంటే అక్కడెక్కడో షూటింగ్ జరుగుతున్నట్టే ఆ పేటలో లెక్క.

మా కాలనీలో లెక్క వేరు. సాయంత్రం గేట్ల దగ్గర మగవాళ్ళు ఇద్దరు కలిస్తే ముందు అడిగేది ఒంట్లో ఎలా ఉందని కాదు, "మీదెంతిస్తోందండీ?" అని. లీటరుకి ఎంత దూరం అన్నమాట. నాన్న మా బండి మైలేజీని పిల్లల మార్కుల్లా చెప్పేవారు. ఆయన నడిపేది ఆదివారం కూరగాయల మార్కెట్‌కి, చదును రోడ్డు మీద. ఆ అంకె పెరగాలని మెకానిక్ చేత గాలి స్క్రూ బాగా వదులు చేయించారు. రోజూ సాయంత్రం బండి స్టార్ట్ చేసి, చెవి ఒగ్గి, ఎంత సన్నగా కొట్టుకుంటోందో విని లోపలికొచ్చేవారు.

ఆ బండి కాలనీలో బాగానే తిరిగేది. జూబ్లీహిల్స్ ఎత్తు మీద ముందు వాహనం ఆగి, మనమూ ఆగి, మళ్ళీ కదలబోతే మాత్రం పెట్రోలు చాలక ఒక్కసారి ఉక్కిరిబిక్కిరై చచ్చిపోయేది. అలా ఆగిపోయిన ఒక పొద్దున మా పక్కింటాయన బంజారాహిల్స్ వెళ్తూ చూశారు. నాకన్నా ముందు వార్త ఇంటికి చేరింది.

"మగవాళ్ళ బండి. చేతికి పట్టు ఉండాలి," అన్నారు నాన్న.

స్క్రూ బిగించడం ఆ మర్నాడు మొదలుపెట్టాను. బండి ఎత్తెక్కింది. నెల తిరిగేసరికి మైలేజీ తగ్గింది.

"ఆడపిల్ల చెయ్యి పడితే ఇంతే. క్లచ్చి నొక్కి పట్టుకుని నడుపుతావు," అన్నారు.

అంటే బండి ఆగిపోతే నాకు నడపడం రాదు, ఆగకపోతే నాకు పొదుపు తెలీదు. ఏది జరిగినా తేలేది ఒకటే, బండి నాది కాదని. అది అర్థమైన రోజు చాలా పుస్తకాలు చదివి కూడా తెలుసుకోలేని విషయమేదో తెలిసినట్టయింది. ఏడవాలనిపించలేదు. స్క్రూడ్రైవర్‌ని హ్యాండ్‌బ్యాగులో దువ్వెన పక్కన పెట్టుకున్నాను.

సెలవు మీద అన్నయ్య వచ్చాడు. పక్కవీధి మందుల షాపాయన బండి అడిగారని, ఆదివారం వచ్చి చూస్తానన్నారని నాన్న చెప్పారు. అన్నయ్యకి ఆ మాట నచ్చింది.

"ఇచ్చెయ్యండి నాన్నా. మా పెద్దసారు కొత్త కారుకి కార్బురేటరే లేదు. ఫ్యూయల్ ఇంజెక్షన్. గాలెంత, పెట్రోలెంత, అంతా కంప్యూటరే చూసుకుంటుంది. చలికాలం చోకు లాగే పని కూడా లేదు. ఇవాళ కార్లకొచ్చింది, రేపు బళ్ళకీ వస్తుంది. అప్పుడు దీన్నెవడు కొంటాడు?"

"మైలేజీ?" అన్నారు నాన్న.

"ఇంకా ఎక్కువే ఇస్తుంది. ఎక్కేది ఎత్తో చదునో దానికే తెలుస్తుంది."

"ఆ కంప్యూటర్ మూత తీసి చూడొచ్చా?" అనడిగాను.

ఇద్దరూ నావైపు తిరిగారు. అన్నయ్య నవ్వాడు. "తీసి ఏం చేస్తావే? లైటు పట్టుకుంటావా?"

వాడి మాట అబద్ధమని నేననను. అలాంటి బళ్ళు వస్తాయి, మంచివే అయ్యుంటాయి. కానీ వాడు చెప్తున్నంతసేపూ నాకు వినిపించింది ఇంకొకటి. బండికి ఏం కావాలో ఇకమీదట బండికే తెలుస్తుంది, నడిపేవాళ్ళకి తెలియక్కర్లేదు అని. ఏమీ తెలియక్కర్లేకుండా కూర్చోవడం నాకు బాగా అలవాటైన పని. పుట్టిన దగ్గర్నుంచీ చేస్తున్నాను. విప్పితే అర్థమయ్యే వస్తువు నా చేతికి ఒక్కటే వచ్చింది, దాన్నెందుకు వదులుకోవాలి?

"నాన్నా, బండి ఆగిపోయేది నా చేతి వల్ల కాదు. రేపు శనివారం, మీకు సెలవు. మీరే నడపండి, నేను వెనక కూర్చుంటాను. ఫిల్మ్‌నగర్ దాకా ఆగకుండా తీసుకెళ్తే అమ్మెయ్యండి, మళ్ళీ నోరెత్తను."

మా ఇంట్లో నేను అంత పొడుగు మాట్లాడటం అదే మొదలనుకుంటాను. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుని, "సరే," అన్నారు.

ఆ శనివారం మలుపులో నేను బండి ఆపమనలేదు. స్క్రూ ఆయన పెట్టించినట్టే ఉంది. చెక్‌పోస్టు దాటి ఎత్తు మొదలైంది. సగం దూరంలో సెట్టింగు సామాను మోస్తున్న లారీ మా ముందు ఆగింది, పైన అట్టతో చేసిన రాతి స్తంభాలు గాలికి ఊగుతూ ఉన్నాయి. నాన్న కాలు ఆనించి ఆపారు. లారీ కదిలింది. నాన్న యాక్సిలరేటర్ తిప్పారు. బండి ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. మళ్ళీ కిక్ కొట్టారు, మళ్ళీ ఆగింది. మూడోసారి వెనక్కి జారబోతే నేను దిగి పట్టుకున్నాను. వెనకాల ప్రొడక్షన్ వ్యాను డ్రైవర్ హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు.

"ఏందన్నా, జర పక్కకి జరుపు! రాని బండి ఎందుకెక్కుతవ్?"

నాన్న మెడ దాకా చెమట పట్టింది. ఆ మాట నాకెంత పాతదో ఆయనకి అంత కొత్త. ఆయన మీద జాలి కలిగింది, అయినా ఊరుకోదలుచుకోలేదు. ఇద్దరం బండిని పక్కకి తోశాం. బ్యాగులోంచి స్క్రూడ్రైవర్ తీసి, రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని, చెప్పు సవరించుకునే నాటకం లేకుండా, వచ్చేపోయేవాళ్ళందరి ముందూ అర చుట్టు బిగించాను.

"వెనక కూర్చోండి నాన్నా."

ఆయన కూర్చున్నారు. అదే ఎత్తులో, ఇద్దరి బరువుతో, బండి లేచి కదిలింది. పైన ఇంకో రెండుచోట్ల ఆగాల్సి వచ్చింది. రెండుచోట్లా కదిలింది. నాన్న చెయ్యి మొదట వెనక కడ్డీ మీద ఉంది, కాసేపటికి నా భుజం మీదికొచ్చింది.

థియేటర్ గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. "మీ బిడ్డనా సార్? గీమెకు ఫికరే లేదు. రోజు గిట్లనే ఎక్కుతది."

నాన్న నావైపు చూశారు. రోజూ ఎలా ఎక్కుతుందని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. వంగి ఆ ఇత్తడి స్క్రూని కాసేపు చూశారు.

"ఇలా పెడితే ఎంతిస్తుంది?"

"తక్కువే ఇస్తుంది. కాలనీలో చెప్పుకోవడానికి బాగుండదు."

ఆయన జేబురుమాలుతో మెడ తుడుచుకున్నారు. నాకు టైమవుతోంది, లోపల కాగితాలు టైపు చెయ్యాలి. తాళంచెవి ఆయనకివ్వాలా వద్దా అని చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను. ఆయన చెయ్యి చాపలేదు. బస్సులో వెళ్తానని చెక్‌పోస్టు వైపు నాలుగడుగులు వేసి, ఆగి వెనక్కి తిరిగారు.

"బండి అమ్మడం లేదని రేపు ఆ మందుల షాపాయనకి నువ్వే చెప్పాలమ్మా. నాకు మొహమాటం."