ఆదెమ్మ చెప్పే మోసుల్ వైద్యుడి కథ

కంటి ఆపరేషన్‌కి వచ్చే ముసలివాళ్ళు డాక్టరు పేరు మరిచిపోయినా ఆదెమ్మ పేరు మాత్రం మరిచిపోయేవారు కారు. "ఆ కథ చెప్పే నర్సమ్మ ఇవాళ ఉందా?" అని కౌంటర్ దగ్గర ఒకరు మలయ్‌లో అడిగితే, ఇంకొకరు తమిళంలో అడిగేవారు. చైనా అవ్వలైతే కూతుళ్ళ చేత అడిగించేవారు. ఉందని తెలిస్తేనే కుర్చీలో స్థిమితంగా కూర్చునేవారు.

ఆదెమ్మ సింగపూరులోనే పుట్టింది. తాత శ్రీకాకుళం పక్క పల్లె నుంచి మలయా రబ్బరు తోటలకు కూలికి వచ్చాడు. తండ్రి సెంబవాంగ్ నౌకాస్థావరంలో పనిచేశాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బజారులో మలయ్, బడిలో ఇంగ్లీషు. "నాకు ఏ బాసా సరిగ్గా రాదు గానీ, అన్నిట్లోనూ దెబ్బలాడగలను" అని ఆమే నవ్వుతూ చెప్పుకునేది. నర్సు చదువు పూర్తిచేసి, దానయ్యను పెళ్ళాడి, యీషున్‌లో ఫ్లాట్ తీసుకుని, కంటి క్లినిక్‌లో కుదురుకుంది. ఆపరేషన్‌కి ముందు రోగుల్ని కూర్చోబెట్టి, కంట్లో చుక్కలు వేసి, లోపలికి పంపే గది ఆమెది.

ఆ గదిలో చాలా ఏళ్ళపాటు ఆమె ఒకే మాట, చివర సింగపూరు వాళ్ళ "లా" తగిలించి, చెప్పింది: "ఏం కాదు లా, భయపడకండి." ఆ మాట ఎవరికీ ధైర్యమిచ్చేది కాదు. పెదాలు ఏదో జపిస్తూనే ఉండేవి. ఏం కాదని తనకైనా ఖాయంగా తెలుసా అని ఆదెమ్మ మనసులో ఒక ముల్లు ఉండిపోయింది.

ఆ ముల్లు తీసినవాడు హాషిమ్ అనే పెద్దాయన. పూర్వీకులు యెమెన్ నుంచి ఓడల మీద వచ్చిన అరబ్బులు. కాంపోంగ్ గ్లామ్ అనే పాత పేటలో ఆయనకు చిన్న పుస్తకాల కొట్టుంది. అందరూ గౌరవంగా, మలయ్ పద్ధతిలో, పాక్ హాషిమ్ అనేవారు. ఒకరోజు ఆయనే శుక్లాల ఆపరేషన్‌కి వచ్చి, భయంతో చెమటలు కక్కుతూ ఆదెమ్మ ముందు కూర్చున్నాడు. ఆమె అలవాటు కొద్దీ "ఏం కాదు" అనబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు చెప్పకమ్మా, నేను చెప్తాను. నా ధైర్యం కోసమే చెప్పుకుంటాను," అని మొదలుపెట్టాడు.

వెయ్యేళ్ళ కిందట మోసుల్ అనే అరబ్బు ఊళ్ళో పుట్టి, దేశాలు తిరిగి కైరో చేరిన అమ్మార్ అనే కంటి వైద్యుడి కథ అది. ఆ రోజుల్లో కంట్లో పొర కమ్మితే, వైద్యులు సూది గుచ్చి ఆ పొరను లోపలికి, కిందికి తోసేసేవారు. కొందరికి చూపు వచ్చేది. కొందరికి అది మళ్ళీ పైకి లేచేది. ఇంకొందరికి కన్నే చెడేది. అమ్మార్‌కి ఒక సందేహం వచ్చింది. చెత్తను చాప కిందికి తోస్తే ఇల్లు ఊడ్చినట్టవుతుందా? అడ్డుగా ఉన్నదాన్ని బయటికే తీసేస్తే పోలేదా? బోలు సూది ఒకటి తయారుచేసుకున్నాడు. దాన్ని కంట్లోకి దించి, ఆ పొరను పీల్చి బయటికి తీశాడు. చేసిన పనంతా పుస్తకంలో రాసిపెట్టాడు.

"అరబ్బులు ఈ జబ్బును కంట్లోకి దిగిన నీరు అనేవాళ్ళు. ఇంగ్లీషువాళ్ళ క్యాటరాక్ట్ మాటకు అసలు అర్థం జలపాతం. చూశావా, మా నీళ్ళు ఎంత దూరం పారాయో!" అని నవ్వేశాడు పాక్ హాషిమ్. ఆ నవ్వుతోనే లోపలికి వెళ్ళాడు.

ఆదెమ్మ ఆ కథను వదల్లేదు. సెలవురోజున రైలెక్కి ఆయన కొట్టుకు వెళ్ళేది. ఆయన అరబ్బీ పుస్తకం తెరిచి మలయ్‌లో చెప్పేవాడు, ఆమె నురగల తేహ్ తారిక్ టీ చల్లారిపోతున్నా చూసుకోకుండా వినేది. అమ్మార్ ఉన్న రోజుల్లోనే, ఆ కైరోలోనే ఇబ్న్ అల్ హైతమ్ అనే మరో మహానుభావుడు ఉండేవాడట. నైలు నదిని అదుపు చేస్తానని ఖలీఫాకు మాటిచ్చి, తీరా చూస్తే అది అయ్యే పని కాదని తేలి, ప్రాణం దక్కించుకోవడానికి పిచ్చివాడిలా నటించాడని చెబుతారు. కంటిలోంచి వెలుగు బయటికి పోయి వస్తువును తాకడం కాదు, వస్తువు నుంచి వెలుగే కంట్లోకి వస్తుందని వాదించి నిలబెట్టింది ఆయనే.

"ఒకాయన కన్నెలా చూస్తుందో చెప్పాడు, ఒకాయన చూడలేని కన్నుని బాగుచేశాడు. ఇద్దరూ ఒక్క ఊళ్ళోనే!" అని ఆదెమ్మ ముక్కుమీద వేలేసుకుంది. "కలుసుకున్నారా, పాక్?"

"ఎవరూ రాయలేదు. రాయనిది నేను చెప్పను."

ఆ జవాబు ఆమెకు తెగ నచ్చింది. అప్పటినుంచి తన గదిలో అమ్మార్ కథ చెప్పడం మొదలుపెట్టింది. ఎవరి భాషలో వాళ్ళకు చెప్పేది. వచ్చినవాళ్ళు ప్రశ్నలు వేసేవారు, వేస్తూ వేస్తూ భయం సంగతి మరిచిపోయేవారు.

రెండువేల సంవత్సరం వచ్చింది. ఊళ్ళో ఎక్కడ ఇద్దరు తెలుగువాళ్ళు కలిసినా ప్రాజెక్టులు, ఉద్యోగపు పాస్‌లు, కొత్త కంపెనీల కబుర్లే. క్లినిక్‌లో కూడా కంప్యూటర్లు దిగాయి. రోగి ఏ గదిలో ఎంతసేపు ఉన్నాడో తెరమీద కనిపించే ఏర్పాటు చేశారు. అది పెట్టడానికి పాయా లేబర్ పేటలోని ఒక ఆఫీసు నుంచి శ్రీనాథ్ అనే తణుకు కుర్రాడు వచ్చాడు. మిగిలిన గదులన్నీ ఆకుపచ్చగా ఉంటే, గడువు దాటే ఆదెమ్మ గది ఒక్కటే ఎర్రగా వెలిగేది.

మేనేజర్ పిలిచి, "సిస్టర్, కథలు తగ్గించండి," అంది.

ఆదెమ్మ కథ ఆపేసింది. కొన్నాళ్ళకు ఆపరేషన్ చేసే డాక్టర్ లిమ్ స్వయంగా బయటికి వచ్చి మేనేజర్‌తో అంది: "పేషెంట్లు టేబుల్ మీద బిగుసుకుపోతున్నారు. ఆవిడ అక్కడ పది నిమిషాలు తీసుకుంటే నాకు ఇక్కడ కలిసొచ్చేది. ఆ కథ నాకు కావాలి." ఆ మాటతో మేనేజర్ ఒప్పుకుంది. ఆ గదికి ఇచ్చిన టైము పెంచమని శ్రీనాథ్‌కి చెప్పారు.

ఇదంతా ఏమిటని అతను ఆదెమ్మనే అడిగాడు. విన్నాక మెల్లగా అన్నాడు: "ఆంటీ, మా అమ్మకు రెండు కళ్ళూ మసకే. నా దగ్గరే ఉంది, చోవా చూ కాంగ్‌లో. ఆపరేషన్ అంటే చాలు, టికెట్ కొను ఇండియా పోతానంటోంది. ఒక్కసారి మీరు మాట్లాడతారా?"

ఆ ఆదివారమే ఆదెమ్మ వెళ్ళింది. శ్రీనాథ్ తల్లి అన్నపూర్ణమ్మ సోఫాలో కూర్చుని, వచ్చింది ఎవరో పోల్చుకోవడానికి మెడ చాచి చూసింది. కోడలు ఆమని కాఫీ ఇచ్చింది.

"మీరు ఆసుపత్రివారంటగా. నేను రానండీ," అని మొదటే కొట్టిపారేసింది అన్నపూర్ణమ్మ. "మా అక్కకు ఇలాగే పొర కమ్మితే, ఊళ్ళోకొచ్చిన కంటివైద్యుడొకడు సూదితో చేశాడు. రెండ్రోజులు కనబడిందండీ. మా అందర్నీ పేరుపేరునా పిలిచింది. తర్వాత కన్ను ఉబ్బిపోయి, మరింక చీకటే. చచ్చిపోయేదాకా గోడ పట్టుకునే నడిచింది."

ఆదెమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టి దగ్గరికి జరిగింది.

"అక్కగారూ, ఆడు ఆ పొరని తీనేదు. లోపలికి తోసీసాడు. సూదితో తోసీడం సానా పాతకాలపు పద్ధతి. అది తప్పని వెయ్యేళ్ళ కిందటే ఒకాయనకి తోచింది."

అన్నపూర్ణమ్మ కనుబొమలు ఎత్తింది. "ఎవరాయన?"

ఆదెమ్మ చెప్పింది. మోసుల్ నుంచి కైరో దాకా, చాప కింది చెత్త దగ్గర్నుంచి బోలు సూది దాకా, ఒక్కటీ వదలకుండా చెప్పింది. టీవీ కట్టేసి ఆమని కూడా వచ్చి కింద కూర్చుంది. అంతా అయ్యాక అన్నపూర్ణమ్మ ఒకే ప్రశ్న అడిగింది.

"ఆయన చేతిలో ఒక్కరికీ కన్ను పోలేదా?"

పోలేదనే మాట నోటిదాకా వచ్చింది. కానీ ఆదెమ్మ ఆగింది.

"నాకు తెల్దక్కగారూ. పోయుంటాదేమో. ఇప్పుడు మా డాక్టరమ్మ చేతిలో అయినా నూటికి నూరూ అని నేను సెప్పను. కానీ మీ అక్కకి జరిగినట్టు లోపలికి తొయ్యరు. తీసీస్తారు. తీసీసి, ఆ చోట కొత్త అద్దం పెడతారు."

అన్నపూర్ణమ్మ తడుముకుంటూ ఆదెమ్మ చెయ్యి పట్టుకుంది.

"అందరూ ఏం కాదు, ఏం కాదు అంటారండీ. తెలీదన్నది మీరొక్కరే," అంది. "మీరు నా పక్కనుంటే చేయించుకుంటాను."

ఆపరేషన్ రోజు ఆదెమ్మ ఆమె చెయ్యి వదల్లేదు. డాక్టర్ లిమ్ పని ముగించేదాకా ఆ చెయ్యి తన గుప్పిట్లోనే ఉంది. మర్నాడు కట్టు విప్పారు. అన్నపూర్ణమ్మ మొదట గోడ గడియారం చూసింది, తర్వాత కొడుకు చొక్కా గుండీలు చూసింది, తర్వాత ఆదెమ్మ వైపు తిరిగి, "మీరు ఇంత నల్లగా, ఇంత చక్కగా ఉంటారా!" అంది. శ్రీనాథ్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఇంటికి వెళ్ళాక తిన్నగా వంటింట్లోకి నడిచి, "ఆమనీ, ఈ స్టవ్వు మీద ఇంత జిడ్డు పేరుకుందేంటే!" అని కోడల్ని కేకేసిందట. ఆమని పడీపడీ నవ్వి, ఆ సంగతి చెప్పడానికి ఆదెమ్మకు ఫోన్ చేసింది.

కొన్ని నెలలకు రెండో కంటికి వచ్చినప్పుడు అన్నపూర్ణమ్మ ఎవరి తోడూ అడగలేదు. పైగా పక్క కుర్చీలో బిక్కుబిక్కుమంటున్న ఒక తెలుగావిడకు తానే కథ ఎత్తుకుంది. "అమ్మారు గారని కాశీలో మహా గొప్ప వైద్యుడండీ..." అని సాగదీస్తోంది. గది గుమ్మంలో నిలబడి విన్న ఆదెమ్మ నవ్వు ఆపుకోలేక, "కాశీ కాదక్కగారూ, కైరో!" అని సరిదిద్దింది.

"అదేలెండి. పుణ్యాత్ముడు ఎక్కడుంటే అదే కాశీ," అని అన్నపూర్ణమ్మ ఏమాత్రం తగ్గలేదు.

ఆ సాయంత్రం ఆదెమ్మ పాక్ హాషిమ్ కొట్టుకు వెళ్ళి ఇదంతా చెబితే, పెద్దాయన కళ్ళు తుడుచుకునేంతగా నవ్వాడు. తర్వాత అన్నాడు, "నేను పోతే నీకు ఇవి చదివి వినిపించేదెవరు? నువ్వే నేర్చుకో."

ఆదెమ్మకు యాభై దాటాయి. ఈ వయసులో కొత్త లిపా అని దానయ్య వెక్కిరించాడు. ఆమె ఆగలేదు. గేలాంగ్‌లో పెద్దవాళ్ళకు అరబ్బీ చెప్పే తరగతిలో చేరింది. అందరూ మలయ్ ఆడవాళ్ళు, ఈమె ఒక్కతే బొట్టుతో. ఎందుకు నేర్చుకుంటున్నారని టీచరమ్మ ఒక్కొక్కరినీ అడిగింది. తమ పవిత్ర గ్రంథం చదువుకోవడానికని మిగిలినవాళ్ళు చెప్పారు. ఆదెమ్మ వంతు వచ్చింది.

"ఒక కంటి డాక్టరు పుస్తకం రాశాడు. ఆయన ఏం రాశాడో ఆయన మాటల్లోనే చదవాలి."

టీచరమ్మ ఆమె వైపు చాలా గౌరవంగా చూసింది. బోర్డు మీద మెలికలు తిరిగిన ఒక అక్షరం రాసి, "అయితే మీరు దీనితో మొదలుపెట్టండి. దీని పేరు ఐన్. అంటే కన్ను," అంది.

పలకబోతే ఆ శబ్దం ఆదెమ్మ గొంతు లోపలెక్కడో ఇరుక్కుపోయింది. తరగతంతా నవ్వింది, ఆమె కూడా నవ్వింది. మళ్ళీ పలికింది.