నాలాగా తిట్టిన కుర్రాడు

“చారులో ఉప్పు తక్కువైందే.”

“డబ్బా నీ మోచేతి పక్కనే ఉంది, వేసుకో.”

మా ఆయనా నేనూ చివరిసారి మాట్లాడుకున్నది ఇంతే. చెయ్యి కడుక్కుని డ్యూటీకి వెళ్లాడు, మళ్లీ రాలేదు. గుండె ఆగిపోయిందన్నారు. ఆ రోజుల్లో మాటంటే మాకు అంత అలుసు. నోటికొచ్చింది అనేయడం, తర్వాత ఏళ్ల తరబడి నాలుక కరుచుకోవడం. ముఖ్యమైన మాటని ముందు నలుగురి దగ్గర అని చూసుకోవచ్చనీ, అందుకోసం చదువుకునే పిల్లలు ఒక గదిలో చేరతారనీ మాకెవరు చెప్పారు? (రాయవే పండూ, అప్పుడే నవ్వకు. ఇది రాస్తున్నది మా అన్నయ్య కూతురు పండు. నాకు సంతకం వరకే వచ్చు. అదీ ఎవరూ చూడకుండా ఉంటేనే కుదురుగా వస్తుంది.)

ఆయన పోయాక, విశాఖ లైనులో కొండల మీదున్న బచేలిలో, ఇంజను డ్రైవర్లు విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూంలో వంటకి కుదిరాను. కొండ దిగే ఇనుపరాయి బళ్ల మోతకి మించి “అన్నం!” అని కేక వేసీ వేసీ నా గొంతు కంకర తొక్కినట్టు తయారైంది. అన్నయ్య లైను మీద గ్యాంగ్‌మన్, పట్టాలు బాగుచేసే పని. పండు విశాఖలో యూనివర్సిటీ చదువు. అంతలో దానికి కిరండూల్ గనిలో ఇనుపరాయి మోసే డంపర్ లారీ నడిపే కుర్రాడి సంబంధం ఒకటొచ్చింది. ఆదివారం పెళ్లిచూపులు.

“ఒలే, నాకు ఛుట్టీ ఇవ్వరు. నువ్వెళ్లి పండు గుంటని తీసుకొచ్చీ,” అన్నాడు అన్నయ్య. “సూపులని సెప్పకు. మీ వదినకి ఒంట్లో బాగోనేదని సెప్పు.”

“అబద్ధమాడమంటావా?”

“నీకేటి, కొత్తా?”

పులిహోర కట్టుకుని పొద్దున్నే పాసింజరెక్కాను. సొరంగాలన్నీ దాటి, చీకటి పడ్డాక విశాఖలో దిగి, చుట్టాలింట్లో పడుకుని, తెల్లారి పండు హాస్టలుకి వెళ్లాను. అది అక్కడ లేదు. పక్క భవనంలో మేడమీద గదిలో మీటింగులో ఉందని ఎవరో పిల్ల చెప్పింది. మెట్లెక్కుతుంటే పైనుంచి నా గొంతే వినబడింది! కంకర గొంతు, అచ్చం నాదే. తలుపు సందులోంచి చూద్దును కదా, జుత్తు భుజాల దాకా పెంచిన కుర్రాడొకడు చున్నీని పైటలా వేసుకుని, చంకలో సంచీ పెట్టుకుని ఊగిపోతున్నాడు. “ఏటే, నీకిదేం పోయేకాలం! మీ నాన్న పరువు ఏటైపోద్ది!” ఎదురుగా మా పండు, చేతులు ఒళ్లో పెట్టుకుని. “అత్తా, నాకీ పెళ్లి వద్దు. ఈ డంపరాయన కాదు, ఏ అబ్బాయీ వద్దు. నాకు అమ్మాయిలంటేనే ఇష్టం,” అంది. (మేం చూపుల సంగతి దాచామనుకున్నాం. వాళ్లమ్మ ఫోనులో ముందే చెప్పేసిందట. నా గొంతు ఆ కుర్రాడికి నేర్పింది కూడా పండేనట.) దానికి ఆ కుర్రాడు కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టాడు.

అదిగో, అక్కడ ఉండబట్టలేకపోయాను. తలుపు తోసుకుని లోపలికెళ్లి, “ఒరే బాబూ, నేనలా ఏడవను. ముందు కొడతాను, తర్వాత ఏడుస్తాను!” అన్నాను.

కుర్రాడు చున్నీ తీసి నాకే ఇవ్వబోయాడు, పరువు తిరిగిచ్చేస్తున్నట్టు. పండు చెంపకి చెయ్యి అడ్డం పెట్టుకుని లేచి నిలబడింది. నిజంగా కొట్టేదాన్నేమో, కానీ ఎవరో కుర్చీ వేశారు, ఇంకెవరో మంచినీళ్లిచ్చారు. చేతిలో గ్లాసుంటే కొట్టడానికి కుదరదు. వాళ్లలో పెద్దపిల్ల నెమ్మదిగా చెప్పింది: “ఆంటీ, ఇది మా క్వియర్ విద్యార్థుల బృందం, అంటే పండులాగా ఆడపిల్లల్ని ఇష్టపడే ఆడపిల్లలు, మగపిల్లల్ని ఇష్టపడే మగపిల్లలు, ఇంకా ఇలాంటివాళ్లం. మాలాంటివాళ్లకి ఇంట్లో చెప్పాలంటే భయం. అందుకని ముందు ఇక్కడ చెప్పుకుంటాం. తిట్లు కూడా ఇక్కడే తినేస్తాం. ఎవర్నైనా ఇంట్లోంచి పొమ్మంటే మా గదుల్లో చోటిస్తాం.”

పొమ్మంటే అన్న మాట దగ్గర గ్లాసు కింద పెట్టేశాను. పండు వంక చూశాను. నా చేతి ముద్ద తిని పెరిగిన పిల్ల. నాకు చెప్పడానికి ఊరుకాని ఊళ్లో ఎవరో కుర్రాడి ముందు తిట్లు తినడం అలవాటు చేసుకుంటోంది. కళ్లు తుడుచుకుని, “మీ తిట్లు చప్పగా ఉన్నాయర్రా,” అన్నాను. నాకొచ్చినవి కొన్ని చెప్పాను. (అవి రాయకు.) ఇంకేముంది, “ఆంటీ, మా అమ్మగా ఉండండి,” “మా పెద్దమ్మగా,” అని వరస కట్టారు. వచ్చినవాళ్లందర్నీ తిట్టాను. ఒకడు మాత్రం “అమ్మా” అని ఆగిపోయాడు. వాణ్ణి తిట్టలేదు, పులిహోర విప్పి పెట్టాను.

“మా అమ్మ ఇలా చెయ్యదాంటీ,” అన్నాడు తింటూ.

“అయితే మీ అమ్మని నా దగ్గరికి పంపు, నేర్పుతాను.”

మరి అన్నయ్యకి ఎవరు చెప్పాలి? అందరూ నా వైపే చూశారు. జుత్తు కుర్రాడు వెంటనే అన్నయ్యైపోయి నడుం మీద చేతులు పెట్టుకుని, “నా కూతురు, నా ఇష్టం!” అన్నాడు. రన్నింగ్ రూంలో డ్రైవర్లని గదమాయించే నేను నోరు తెరవలేకపోయాను! పండు నా పక్కకొచ్చి, “చదువయ్యేదాకా పెళ్లి వద్దందని చెప్పత్తా, చాలు. మిగతాది నాన్నకి నేనే చెప్పుకోవాలి,” అంది. అదే మాట సాయంత్రం దాకా నాచేత అనిపించారు.

బచేలి ప్లాట్‌ఫారం మీద అన్నయ్య ఎదురొచ్చాడు. “గుంటేది?” నేర్చుకున్నదంతా సొరంగాల్లోనే పడిపోయింది. “రాదు,” అన్నాను. అన్నయ్య నడుం మీద చేతులు పెట్టుకుని, “నా కూతురు, నా ఇష్టం!” అన్నాడు. అచ్చం ఆ కుర్రాడన్నట్టే, అక్షరం పొల్లు పోకుండా. నవ్వు ఆపుకోలేక సంచీ మీద కూలబడ్డాను. నవ్వేవాళ్లని తిట్టడం అన్నయ్యకి చేతకాదు. “ఏటయిందే నీకు?” అని పక్కన కూర్చున్నాడు. అప్పుడు చెప్పాను, చదువయ్యేదాకా వద్దందని. “మరి ఆదివారానికని కొన్న కోడి?” అన్నాడు. మనమే తిందామన్నాను.

చదువయ్యాక పండు అసలు సంగతి తనే చెప్పింది. అన్నయ్య అరవలేదు. ఆ వానాకాలమంతా దానితో మాట్లాడలేదు, అంతే. (ఇక్కణ్ణుంచి నీకు తెలీదే. రాయి.) ఒకరోజు రన్నింగ్ రూం వంటింట్లోకొచ్చి, “ఒలే, ఆ పిల్లలు నీకు నేర్పారు కదా, అది నాకూ నేర్పు,” అన్నాడు. పీట మీద నన్ను కూర్చోబెట్టి, “నువ్వు పండువి,” అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

“పండూ... అక్కడ వానలున్నాయా?”

“ఉన్నాయి నాన్నా.”

“అయితే గొడుగట్టుకెళ్లు.” గబగబా లేచిపోయాడు. “ఇయాల్టికి సాలు, రేపు ఇంకొంచెం సేద్దాం.”

మీ నాన్న నీతో మళ్లీ మాట్లాడేదాకా, అలా ఎన్నాళ్లో నేను పీట మీద కూర్చుని నువ్వయ్యాను. పొయ్యి మీద పప్పు మాడినా లేవలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ పీట మీది మనిషిని చూసి నవ్వొస్తుంది, ఎంత బుద్ధిగా “నాన్నా” అనేదో. ఏమే, కాగితం తడిపేస్తున్నావు. తుడుచుకో. ఏదీ, మొదట్నుంచి ఒకసారి చదువు, వింటాను.