మునిరత్నం మోకాలి గురించి నేను చెప్పిన అబద్ధం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఒకప్పుడు దాదాపు ఏడాది పాటు నేను ప్రభువు బల్లకు దూరంగా బతికాను. బంగారు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలోని మా మందిరంలో, ఆ బల్ల రొట్టె పళ్లెం నా వరుస దాకా వచ్చేసరికి, దగ్గు వచ్చినట్టు నటించి, రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పోయేవాణ్ణి. గని మనిషి దగ్గితే ఎవరు అనుమానిస్తారు చెప్పండి, అందరూ పాపం అనుకునేవారు, పాస్టరు గారు నా ఊపిరితిత్తుల కోసం ప్రార్థన కూడా చేశారు! నా ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. చెడిపోయింది నా నాలుక.

నా భార్య మార్తమ్మ మాత్రం ఒకసారి అడిగింది, "ఏమయ్యా, ఈ దగ్గు ఆదివారం పూటే వస్తాదా నీకు?" అని. నేను ఆమె మీద కేకలేశాను.

గనులు సర్కారు చేతికి వచ్చిన తర్వాతి రోజులవి. నేను మా షాఫ్ట్, అంటే మేము దిగే గని బావి, ఫుట్‌బాల్ జట్టుకు సెక్రటరీని. ఏటా పోటీలకు ముందు, కొత్తగా పనిలో చేరినవాళ్లలో ఆట వచ్చినవాళ్లను మైదానంలో ఆడించి చూసి, జట్ల సెక్రటరీలు వంతులవారీగా ఒక్కొక్కరిని ఎంచుకునేవారు. కిందటేడు అందరికంటే అడుగున నిలిచిన జట్టుకు మొదటి వంతు. జట్టుకు ఒక్కరు చొప్పున సాగే మొదటి వరుసలో ఎంపికైనవాడికి సర్ఫేస్ పని, అంటే భూమి మీద పని, రెండో వరుస నుండి అందరూ మామూలుగా గని లోపలికి దిగవలసిందే. ఇద్దరు సెక్రటరీలు ఒప్పుకుంటే పోటీల కమిటీ పెద్దల ముందు చెప్పి వంతులు మార్చుకోవచ్చు కూడా.

అంతకుముందు ఏడు మేమే అడుగున నిలిచాం, కాబట్టి ఆ ఏడు మొదటి వంతు మాది. కొత్తవాళ్లలో ఆవని దగ్గరి పల్లె నుండి వచ్చిన మునిరత్నం అనే అతను ఉన్నాడు, బంతి అతని కాలికి అంటుకున్నట్టే ఉండేది. అతని అన్న గని లోపల బండ విరిగిపడి చనిపోయాడు, అందుకని వాళ్లమ్మ, పైపని దొరికితేనే చేరు, లేకపోతే రాగి చేను చాలు అని ఒట్టు పెట్టించుకుని పంపింది. ఈ సంగతి మునిరత్నమే నాకు చెప్పాడు. నేను అతని భుజం మీద చేయి వేసి, "నిన్నే మొదట తీసుకుంటాను తమ్ముడూ, నువ్వు మాత్రం ఈ పొద్దు మైదానంలో ఎక్కువ పరిగెత్తొద్దు, నీ ఆట మిగతావాళ్లకు ఎందుకు చూపించాల?" అన్నాను. నమ్మాడు సహోదరులారా! నా మాట మీద ఆ ఆటంతా నడుస్తూనే ఆడాడు.

నేను ఇటు తిరిగి, అతని మోకాలు పోయిందని, ఊళ్లో ఎముకల వైద్యుడు కట్టు కట్టాడని, మిగతా సెక్రటరీల చెవిలో వేశాను. తర్వాత అవతలి షాఫ్ట్ సెక్రటరీ సెల్వరాజ్ దగ్గరికి పోయి, మా మొదటి వంతు నువ్వు తీసుకో, నీ గోల్‌కీపర్‌ను నాకియ్యి అన్నాను. అతను సంతోషంగా ఒప్పుకున్నాడు. మోకాలు పోయినవాణ్ణి మొదటి వరుసలో ఎవరు తీసుకుంటారు? ఎవరూ తీసుకోలేదు. రెండో వరుస మొదటి వంతు ఎలాగూ మాదే, మునిరత్నం పేరు పిలిచాను. ఒక్క వంతు వదిలి ఇద్దరిని సంపాదించానని నా తెలివికి నేనే మురిసిపోయాను, నా గర్వం అంతటిది!

మునిరత్నం నా దగ్గరికి వచ్చి, "అన్నా, మొదటి దాంట్లో నా పేరు యాడ పోయింది?" అని అడిగాడు. సెల్వరాజ్ మోసం చేశాడని చెప్పాను. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం. చేతికి వచ్చిన ఉద్యోగం వదులుకోలేక అతను గని లోపలికి దిగాడు. ఆ ఏడు కప్పు మాకే వచ్చింది, గని కార్మికుల ఇళ్ల లైన్ల జనం నా మెడలో దండలు వేశారు, ఆ వచ్చిన ఆదివారమే నా దగ్గు మొదలైంది.

నెలలు గడిచాయి. ఒక శనివారం పొద్దున మునిరత్నం తల్లి సంచి నిండా అనపకాయలు మోసుకుని మా ఇంటికి వచ్చింది. "నా బిడ్డను పైన పెట్టినావంట కదప్పా, మా ఇంట్లో ఇంగ మిగిలింది వాడొక్కడే, నీ దేవుడు నిన్ను సల్లగా సూడాల" అని నాకు చేతులెత్తి దండం పెట్టింది. కొడుకు ఆమెకు భయం లేకుండా ఉండాలని తాను పైపనిలో ఉన్నట్టు చెప్పుకున్నాడు! నా పాపం అతని నోట్లో కూడా అబద్ధం పెట్టింది. ఆమె వెళ్లాక మార్తమ్మ ఆ కాయలు ఒలిచి, గింజలు నానబెట్టి, పితికిపప్పు కూరకని ఒక్కొక్కటీ పితుకుతూ కూర్చుంటే, నేను ఆమె పక్కనే నేల మీద పడి ఏడ్చి అంతా చెప్పేశాను. ఆమె నన్ను తిట్టలేదు, చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన మోకరించింది. ఆ పొద్దు నేను చేసిన ప్రార్థన నాకు ఇప్పటికీ గుర్తుంది: "ప్రభువా, కప్పు తీసుకో, నా పేరు తీసుకో, ఆ మనిషిని మాత్రం కింది నుండి పైకి తీసుకురా. నా నోరు తెరిచే ధైర్యం నాకు లేదు, నువ్వే తెరువు!"

మళ్లీ ఎంపిక రోజు వచ్చింది. గోల్‌కీపర్‌ను నాకిచ్చి అడుగున పడిన సెల్వరాజ్‌కు ఈసారి మొదటి వంతు. నేను పోయి, "నీ గోల్‌కీపర్‌ను వాపసు తీసుకో, మునిరత్నాన్ని కూడా మా జట్టు నుండి వదిలేస్తాను, నీ మొదటి వంతులో అతన్ని పిలువు" అన్నాను. అతను నవ్వాడు. "ఏమప్పా ప్రకాశం, ఈసారి ఎవరి కాలు ఇరిగింది?" అన్నాడు.

నేను వేదిక ఎక్కి మైకు దగ్గరికి నడిచాను. కమిటీ పెద్దల ముందు, అన్ని లైన్ల జనం ముందు, మునిరత్నం మోకాలికి ఏ రోజూ ఏమీ కాలేదని, సెల్వరాజ్ ఏ మోసమూ చేయలేదని, చేసిందంతా నేనేనని చెప్పాను. మా జట్టువాళ్లే "దిగరా కప్పు దొంగా!" అని అరిచారు. పెద్దలు తమలో తాము మాట్లాడుకుని, మునిరత్నాన్ని కొత్తవాడి కిందే లెక్కిస్తామన్నారు, నన్ను సెక్రటరీ పదవి నుండి తీసేశారు. సెల్వరాజ్ మైకు అందుకుని మునిరత్నం పేరు పిలిచాడు. దేవునికే మహిమ!

మునిరత్నం నా ముందు నుండి పోతూ ఆగాడు. "నిన్ను అన్నా అని పిలిచినాను చూడు, ఆ మాట వాపసు తీసుకుంటా" అన్నాడు.

మరుసటి రోజు బస్సెక్కి ఆవని వైపు పోయి వాళ్లమ్మకు కూడా చెప్పాను. "ఏడాది నా బిడ్డ నేల కింద ఉంటే, నేను నీకు అనపకాయలు మోసినానా?" అని తలుపు వేసుకుంది. ఆ మూసిన తలుపు ముందు నిలబడినప్పుడు కూడా, చాలా కాలానికి నా గుండెలో బరువు లేదని నాకు తెలిసింది. ఆ ఆదివారం పళ్లెం వచ్చినప్పుడు నేను లేవలేదు.

ఆ ఏడు మేము అందరి చేతుల్లో ఓడాం, సెల్వరాజ్ జట్టు తరఫున మునిరత్నం మా మీదే గోల్స్ కొట్టాడు. గనులు మూతపడేదాకా అతను మళ్లీ లోపలికి దిగలేదు. దారిలో కనబడితే ఈనాటికీ "ప్రకాశం గారూ" అనే పిలుస్తాడు. అది నా పంట, నేనే కోసుకోవాలి, కానీ అతను క్షేమంగా నా ఎదుట నడిచిపోవడం చూసిన ప్రతిసారీ నా దేవునికి స్తోత్రం చెల్లిస్తాను.

ప్రియులారా, మీ మాట వల్ల ఎవరి చోటు పోయిందో మీకు తెలుసు. ప్రార్థన చేయండి, చేసి అక్కడే కూర్చోకండి, లేచి ఆ మనిషి ఇంటికి పోండి. తలుపు వేస్తారేమో, వేయనివ్వండి. మీతో కూడా ఆ గడప దాకా నడిచే ప్రభువు ఉన్నాడు, ఆయన్ను నమ్మండి. ఆమేన్.