మా అవ్వ ఐసుపెట్టె

నా చిన్నప్పుడు మా ఊరి చేపల సావుకారు ఎవరి దగ్గరా వడ్డీ తీసుకునేవాడు కాదు. ఎంత మంచివాడో అనుకుంటున్నారా? నేనూ అనుకున్నాను. అప్పటికి నాకు పాలపళ్ళు కూడా పూర్తిగా ఊడలేదు కాబట్టి నా తప్పేం లేదు.

విడవలూరు దాటి పోతే సముద్రం ఒడ్డున మా పల్లె. మా తాతకు పడవా వలా కొనడానికి డబ్బిచ్చింది ఆ సావుకారే. షరతు ఒకటే. అప్పు తీరేదాకా పడ్డ చేప పడ్డట్టు ఆయనకే పొయ్యాలి, ఆయన చెప్పిన ధరకే. ఆ పక్కనే ఒడ్డుమీద వేలంపాట జరుగుతుండేది. అప్పు లేనివాళ్ళ వంజరం చేప పాటలో మంచి ధర పలుకుతుంటే, మా వంజరం నోరు మూసుకుని సావుకారు షెడ్డుకు పోయేది. అసలు సొమ్ము కట్టమని ఆయన ఏనాడూ అడగలేదు. తాత పోయాక పడవ మా మామ చేతికొచ్చింది, దాని వెంటే అప్పూ వచ్చింది.

మా అవ్వ, అంటే మా అమ్మను కన్నతల్లి, ఆ షరతులో ఒక సందు కనిపెట్టింది. కవ్వల్లాంటి చిన్న చేపలు సావుకారుకు అక్కర్లేదు. వాటిని ఇసుకలో ఎండబెట్టి, గంపకెత్తుకుని, ఊరూరా తిరిగి అమ్మింది. ఎన్నేళ్ళు అమ్మిందో నాకు తెలియదు. నాకు తెలిసిన అవ్వ దగ్గర ఎప్పుడూ ఎండుచేపల వాసనే. చర్చిలో వెనక కూర్చున్నవాళ్ళు ముక్కు మూసుకుంటే వెనక్కి తిరిగి, ప్రభువు శిష్యులు ఏం పట్టేవాళ్ళో పాస్టరుగారిని అడగమనేది.

ఒకరోజు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని షెడ్డుకు పోయి, అప్పు తీర్చే డబ్బు మూట బల్లమీద పెట్టింది. సావుకారు దాన్ని ముట్టుకోలేదు. నాకొక గోళీసోడా ఇప్పించి, మూటను మెల్లగా అవ్వ వైపే తోశాడు.

“నేనేమన్నా అడిగినానా అక్కా? కొత్త వల కొనుక్కో. చాలకపోతే ఇంకా ఇస్తా.”

ఎంత మంచోడో చూడవ్వా అన్నాను నేను, సోడా తాగుతూ. అవ్వ నా వైపు చూడలేదు. ఆయన్నే చూస్తూ నాకు జవాబు చెప్పింది.

“పాలు పిండుకునేవోడు గేదె మెళ్ళో తాడు విప్పి ఇచ్చెయ్యమంటాడా మే? నువ్వు సోడా తాగు.”

ఆయన ముఖం మాడిపోయింది. డబ్బు తీసుకుని, రేపటినుంచి నీ చేప ఎవురు కొంటారో నేనూ చూస్తా అన్నాడు.

అప్పు తీరింది కదా, మిగిలిన డబ్బుతో కమ్మలు చేయించుకోమని వీధిలో ఆడవాళ్ళంతా చెప్పారు. అవ్వ ఆ మధ్యాహ్నమే నెల్లూరు పోయి ఒక పాత చెక్కపెట్టె, గోనెపట్టల్లో చుట్టిన ఐసుగడ్డలు తెచ్చింది. నీళ్ళయి పోయేదానికి డబ్బు తగలేస్తారా ఎవరైనా అని మామ తల బాదుకున్నాడు.

మర్నాడు పడవ ఒడ్డుకొచ్చింది. పాట పాడేవాళ్ళంతా సావుకారుకు కావలసినవాళ్ళే. మొదటివాడు సగం ధర అన్నాడు. మిగతావాళ్ళు సముద్రంకేసి చూస్తూ నిలబడ్డారు. ఎండ ఎక్కుతోంది. మా ఒడ్డున ధర చెప్పేది కొనేవాడు కాదండీ, ఎండ. మధ్యాహ్నానికి చేప మెత్తబడితే ఎంతటిదైనా దిగిరావలసిందే.

“అమ్మేది లేదు, పోండబ్బా,” అని అవ్వ గంప ఎత్తుకుంది.

“కుళ్ళబెట్టుకుంటావా ఏంది?” అని నవ్వాడొకడు.

“నా చేప, నా ముక్కు. నీకేంది నొప్పి?”

ఇంటి ముందు అందరూ చూస్తుండగా పెట్టె తెరిచి, వంజరాన్ని ఐసు మధ్య పేర్చి, మూతమీద ఊక బస్తా వేసింది. నవ్వినవాళ్ళు మెల్లగా జారుకున్నారు. మర్నాడు మొదటి బస్సుకు, కండక్టరుతో పోట్లాడి మరీ, పెట్టెను నెల్లూరు మార్కెట్టుకు చేర్చింది.

ఐసు ఖర్చు, బస్సు ఖర్చు పోగా మిగిలింది సావుకారు ఇచ్చేదానికంటే పిసరంత ఎక్కువ. ఈమాత్రం దానికేనా అన్నాడు మామ. మీలోనూ కొందరు అలాగే అంటారు, నాకు తెలుసు. అవ్వ కొనుక్కున్నది ఒక రోజు గడువు నాయనా! ఈమె గంప ఎత్తుకుని ఇంటికి పోగలదని తెలిశాక, ఆ వారం దాటకుండానే పాటలో సగం ధర అనే మాట వినిపించడం మానేసింది.

పోయిన ఏడాది నా ఇంటి లోను తీరింది. ఆ వారమే బ్యాంకు కుర్రాడు ఫోను చేసి, మీ రికార్డు బాగుంది మేడమ్, ఇంకో లోను ఇస్తామన్నాడు. మా మరిది సూళ్లూరుపేట దగ్గర ప్లాటు చూశాడు. మా ఆడపడుచు గాజులంది. ఎవరి మాటా వినలేదు. ఏడాదిపాటు ఇల్లు గడిచే డబ్బు ముందు విడిగా పడాలి, తర్వాతే ఏదైనా అని చెప్పేశాను. జీతం రాగానే మొదటి భాగం దానికే పోతోంది.

మొన్న నేను పాఠాలు చెప్పే కాలేజీ కరస్పాండెంటు పిలిచి, వచ్చే ఏడాది అందరికీ జీతం తగ్గిస్తున్నాం, సంతకం పెట్టండి అన్నాడు. నేను కలం తియ్యలేదు. మీకు ఇంటి లోను ఉంది కదా మేడమ్, ఆలోచించుకోండి అన్నాడు, ఎంతో దయగా. తీరిపోయింది సార్, ఆలోచించుకోవలసింది మీరే అని లేచి వచ్చేశాను.

జూన్‌లో నాకు ఉద్యోగం ఉంటుందో లేదో ఇంకా తేలలేదు. దాచింది ఏడాదికి చాలదు, కొన్ని నెలలకే. అయినా పర్వాలేదు, ముందు ఆయన్ను తేల్చుకోనివ్వండి.